ఒకే షాట్‌గన్‌తో ఇంటి రక్షణ, క్లే షూటింగ్: రాజీ ఎక్కడ కుదురుతుంది, ఎక్కడ కుదరదు?

సంక్షిప్తంగా: ఇంటి రక్షణకూ, గాలిలోకి విసిరే మట్టి పళ్లేలను కాల్చే క్రీడ అయిన క్లే టార్గెట్ షూటింగ్‌కూ ఒకే షాట్‌గన్ వాడుకోవచ్చు. అయితే రాజీ పడినప్పుడు నష్టం రెండు వైపులా సమానంగా ఉండదు. ఇంటి కోసం ఎంచుకున్న పొట్టి, తేలికపాటి తుపాకీ క్లే మైదానంలో బాగా ఇబ్బంది పెడుతుంది. క్లే కోసం ఎంచుకున్న తుపాకీ ఇంట్లో కొంత అసౌకర్యంగా ఉన్నా పని జరుపుతుంది. కాబట్టి క్లేకు కుదిరేదాన్ని తీసుకుని, తూటా, చోక్ (గొట్టం మూతి దగ్గరి ఇరుకు), అవసరమైతే అదనపు గొట్టం సాయంతో దాన్ని ఇంటికి సర్దుకోవడం మేలైన మార్గం. ఇంతకంటే కష్టమైన చిక్కు తుపాకీని భద్రపరచడం దగ్గర, కాల్చాలా వద్దా అన్న నిర్ణయం దగ్గర వస్తుంది.

రెండు పనుల మధ్య దూరం

ఒలింపిక్ ట్రాప్‌లో షూటర్ లక్ష్యాలను విసిరే కందకానికి 15 మీటర్ల వెనక నిలబడతాడు. 11 సెంటీమీటర్ల వ్యాసం, దాదాపు 105 గ్రాముల బరువు ఉన్న పళ్లెం ఏ కోణంలో లేస్తుందో ముందుగా తెలియదు. వదిలేస్తే అది దాదాపు 76 మీటర్ల దాకా ఎగురుతుంది. అది పగిలేనాటికి సాధారణంగా షూటర్‌కు 30 మీటర్లు దాటి ఉంటుంది. స్కీట్ మరో తీరు. అక్కడ ఎత్తుగా ఒకటి, పొట్టిగా ఒకటి ఉండే రెండు చిన్న ఇళ్ల నుంచి పళ్లేలు ఎదురెదురుగా అడ్డంగా దూసుకొస్తాయి. షూటర్ ఎనిమిది స్థానాలు మారుతూ వాటిని కాలుస్తాడు. దూరం ట్రాప్ కంటే బాగా తక్కువ, దాదాపు 20 మీటర్లు. స్పోర్టింగ్ క్లేస్‌లో అయితే కోణం, వేగం, దూరం ఒక స్థానం నుంచి మరో స్థానానికి మారిపోతూనే ఉంటాయి. కొన్ని పళ్లేలు నేల మీదే దొర్లుకుంటూ పోతాయి.

ఈ మూడింటిలోనూ అవసరం ఒకటే. చిన్న లక్ష్యం గాలిలో కదులుతుంటే దాని వెంట తుపాకీ మూతిని సాఫీగా తిప్పుతూ, దానికంటే కొంచెం ముందుకు సాగి, తిప్పడం ఆపకుండా ట్రిగ్గర్ నొక్కాలి. షూటర్లు దీన్నే స్వింగ్ అంటారు.

ఇంటి లోపల లెక్క వేరు. గది ఒక మూల నుంచి మరో మూలకు ఐదారు మీటర్లకు మించి ఉండదు. వెలుతురు చాలదు, అటూ ఇటూ గోడలు, తలుపులు, పక్క గదిలో కుటుంబ సభ్యులు. అక్కడ స్వింగ్ పని అసలు పడదు. తుపాకీ ఇరుకులో తిరగాలి, చీకట్లో తడుముకోకుండా పనిచేయాలి, పేలిన గుళ్లు ఎక్కడ ఆగుతాయో ముందే తెలిసి ఉండాలి.

గొట్టం పొడవు: అపోహ ఒకటి, అసలు సంగతి మరొకటి

గొట్టం పొడవు పెరిగేకొద్దీ గుళ్లు మరింత బలంగా పోతాయని చాలామంది నమ్మకం. నల్ల తుపాకిమందు కాలంలో అందులో కొంత నిజం ఉండేది. ఇప్పటి తూటాల్లోని మందు గొట్టం మొదటి సగంలోనే దాదాపుగా కాలిపోతుంది. ఆపైన ఒక్కో అంగుళం పెరిగితే వేగంలో వచ్చే తేడా సెకనుకు రెండు మూడు మీటర్లే. క్లే తూటా గుళ్లు సెకనుకు 365 మీటర్ల చుట్టుపక్కల బయలుదేరుతాయి కాబట్టి ఈ తేడా లెక్కలోకి రాదు.

క్లే షూటర్లు 28 నుంచి 32 అంగుళాల గొట్టాలను ఇష్టపడటానికి కారణం తుపాకీ తిరిగే తీరు. బరువు ముందుకు జరిగినకొద్దీ తుపాకీ కదలడానికి కొంచెం మొరాయిస్తుంది, కానీ కదిలాక ఆ వేగాన్ని నిలబెట్టుకుంటుంది. చేతుల్లో చిన్న తొట్రుపాటు వచ్చినా మూతి కుదుపుకు లోనుకాదు. పొట్టి గొట్టం ఇందుకు విరుద్ధం. చటుక్కున కదులుతుంది, ట్రిగ్గర్ నొక్కే క్షణంలో చటుక్కున ఆగిపోతుంది. అలా ఆగిన క్షణంలో గుళ్లు పళ్లెం వెనక నుంచి పోతాయి. 18 అంగుళాల గొట్టంతో క్లే మైదానానికి వెళ్లినవారు అనుభవించే నిరాశకు చాలావరకు మూలం ఇదే. నేర్చుకునే దశలో ఉన్నవారికైతే తప్పు తమదో తుపాకీదో కూడా తేలదు.

మరి 28 అంగుళాల గొట్టం ఇంట్లో ఎంత ఇబ్బంది? పంప్ షాట్‌గన్‌కు ఆ గొట్టం బిగిస్తే మొత్తం పొడవు 120 సెంటీమీటర్ల దాకా వస్తుంది. 18.5 అంగుళాల గొట్టంతో అదే తుపాకీ మీటరు లోపే ఉంటుంది. తలుపులు దాటుతూ, మలుపులు తిరుగుతూ ఇల్లంతా వెతకాలంటే ఈ పాతిక సెంటీమీటర్ల తేడా చాలా పెద్దది. కానీ అలా ఇల్లంతా తిరగడమే ప్రమాదకరమైన పని. కుటుంబాన్ని ఒక గదిలోకి చేర్చి, తలుపు వేసుకుని, పోలీసులకు ఫోన్ చేసి, ఆ తలుపు మీదే దృష్టి నిలిపి కదలకుండా ఉండటమే రక్షణ శిక్షకులు మొదట చెప్పే ప్రణాళిక. ఆ ప్రణాళికలో పొడవాటి గొట్టం వల్ల కలిగే నష్టం స్వల్పం. రాజీ భారం రెండు వైపులా సమానం కాదనడానికి ఇదే ముఖ్యమైన ఆధారం. పొట్టి గొట్టం క్లే షూటింగ్‌లో ప్రతి గురినీ చెడగొడుతుంది. పొడవాటి గొట్టం ఇంటి రక్షణలో ఒక రకం ప్రణాళికను మాత్రమే కష్టతరం చేస్తుంది.

పొడవుకు మరో చిన్న లాభం ఉంది. 12 బోర్ షాట్‌గన్ పేలుడు శబ్దం 150 డెసిబెల్స్ దాటుతుంది. మూసి ఉన్న గదిలో అది చెవులకు శాశ్వత హాని చేయగలదు. గొట్టం పొట్టిదైతే పేలుడు ముఖానికి మరింత దగ్గరగా జరుగుతుంది, మూతి దగ్గర మంట కూడా ఎక్కువగా కనిపిస్తుంది.

చోక్, తూటా: ఎక్కువ తేడా ఇక్కడే

ఒకే తుపాకీ రెండు భిన్నమైన పనులు చేయడం షాట్‌గన్‌లో సాధ్యమయ్యేది తూటా వల్ల. ఒక పౌను సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు వ్యాసం ఎంతో, 12 బోర్ గొట్టం లోపలి వ్యాసం అంత, అంటే 18.5 మిల్లీమీటర్లు. ఆ గొట్టంలో నుంచి ఆవగింజలంత గుళ్లు వందల సంఖ్యలో పంపవచ్చు, బఠాణీ గింజంతవి తొమ్మిదే పంపవచ్చు.

క్లేకు వాడే 8వ నంబరు గుండు వ్యాసం 2.3 మిల్లీమీటర్లు. 28 గ్రాముల తూటాలో అలాంటివి 400కు పైగా ఉంటాయి. ఒలింపిక్ తరహా అంతర్జాతీయ పోటీల్లో గుళ్ల బరువు 24 గ్రాములకు మించకూడదు. ఇంటి రక్షణకు ఎక్కువగా చెప్పే డబుల్ ఆట్ (00) బక్‌షాట్ అనే పెద్ద గుళ్ల తూటాలో ఒక్కో గుండు వ్యాసం 8.4 మిల్లీమీటర్లు, బరువు దాదాపు 3.5 గ్రాములు. అంటే 8వ నంబరు గుండు కంటే సుమారు 50 రెట్లు. 70 మిల్లీమీటర్ల మామూలు తూటాలో ఇవి ఎనిమిదో తొమ్మిదో ఉంటాయి.

క్లే తూటాలనే ఇంట్లోనూ ఉంచుకుంటే సరిపోదా అన్న ప్రశ్న తరచూ వస్తుంది. గోడలు దాటి పక్క గదిలోకి పోవన్నది అందులోని వాదన. సన్నని గుళ్లు త్వరగా శక్తి కోల్పోతాయన్నది నిజమే. అయితే ఆ గుణమే వాటి లోపం కూడా. అమెరికా ఎఫ్‌బీఐ పరీక్షల్లో రక్షణ తూటా మనిషి కండకు బదులుగా వాడే జెలటిన్ దిమ్మలో కనీసం 12 అంగుళాలు, అంటే 30 సెంటీమీటర్లు చొచ్చుకుపోవాలని ప్రమాణం పెట్టుకున్నారు. క్లే గుళ్లు సాధారణంగా అందులో సగం దగ్గరే ఆగిపోతాయి. ఇక ఆ ప్రమాణాన్ని అందుకునే ఏ తూటా అయినా జిప్సం పలకల గోడను సులువుగా దాటేస్తుంది. గోడలను దాటకుండా, ఎదుటి ముప్పును మాత్రం ఖాయంగా ఆపే తూటా ఏదీ లేదు. గురి తప్పితే గుండు ఎటు పోతుందో, ఆ దిశలో ఎవరు నిద్రపోతారో ముందుగా ఆలోచించుకోవడం తప్ప దీనికి మరో పరిష్కారం లేదు. ఇటుక గోడల ఇంటికీ పలకల గోడల ఇంటికీ ఈ లెక్క పూర్తిగా వేరు.

ఇంకో అపోహ, షాట్‌గన్‌కు గురి అక్కర్లేదని. చోక్ లేని గొట్టం నుంచి మామూలు బక్‌షాట్ ప్రతి మీటరుకు రెండున్నర సెంటీమీటర్ల చొప్పున విచ్చుకుంటుందన్నది స్థూలమైన లెక్క. ఆరు మీటర్ల గదిలో అది 15 సెంటీమీటర్ల వృత్తం. గుళ్లను కప్పులో బిగించి పంపే కొత్త రకం తూటాలతో ఇంకా తక్కువ. గురి తప్పితే ఆ గుళ్లన్నీ కలిసే తప్పుతాయి.

చోక్ అంటే గొట్టం మూతి దగ్గర ఉండే చిన్న ఇరుకు. గుళ్లు ఎంత త్వరగా విచ్చుకోవాలో అది నిర్ణయిస్తుంది. సంప్రదాయ కొలత ప్రకారం 40 గజాల దూరంలో 30 అంగుళాల వృత్తంలో పడే గుళ్ల వాటా ఇరుకే లేని సిలిండర్‌తో 40 శాతం, ఇంప్రూవ్డ్ సిలిండర్‌తో 50, మాడిఫైడ్‌తో 60, ఫుల్‌తో 70. స్కీట్‌కు విశాలంగా విచ్చుకోవాలి, ట్రాప్‌కు దగ్గరగా ఉండాలి. ఇంటి లోపలి దూరాలకు చోక్ ప్రభావం దాదాపు కనిపించదు. బక్‌షాట్‌ను ఫుల్ చోక్‌లో నుంచి పంపితే పెద్ద గుళ్లు ఒకదాన్నొకటి నొక్కుకుని అడ్డదిడ్డంగా చెదిరే అవకాశం కూడా ఉంది.

మరలతో బిగించి తీసే చోక్‌లున్న గొట్టం అయితే ఈ చిక్కు దాదాపు తీరిపోయినట్టే. స్కీట్‌కూ, దగ్గరి స్పోర్టింగ్ క్లేస్‌కూ, ఇంటికీ ఇంప్రూవ్డ్ సిలిండర్ ఒక్కటే సరిపోతుంది. ట్రాప్ రోజున మాత్రం మాడిఫైడ్ లేదా అంతకంటే ఇరుకైనది బిగించుకోవాలి. చోక్ తీసేసి ఖాళీ మరలతో కాల్చడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. మరలు పాడై గొట్టమే పనికిరాకుండా పోతుంది.

పంప్, సెమీ ఆటోమేటిక్, జోడు గొట్టాలు

పంప్ షాట్‌గన్ ఈ చర్చలో ముందు వరుసలో ఉండటానికి కారణం దాని సాదాతనం. 1950లో వచ్చిన రెమింగ్టన్ 870, 1961లో వచ్చిన మాస్‌బర్గ్ 500 నేటికీ ఈ తరగతికి కొలమానాలు. కింది పిడిని చేత్తో వెనక్కి లాగి ముందుకు తోస్తే ఖాళీ తూటా బయటపడి కొత్తది ఎక్కుతుంది. తూటా బలంగా ఉన్నా, బలహీనంగా ఉన్నా యంత్రానికి తేడా తెలియదు. 24 గ్రాముల క్లే తూటా, బక్‌షాట్ రెండూ ఒకేలా నడుస్తాయి. లోపం మనిషి చేతిలో ఉంది. హడావిడిలో పిడిని చివరిదాకా లాగకపోతే తుపాకీ ఇరుక్కుపోతుంది. స్కీట్ జంట పళ్లేల మధ్య దొరికే క్షణంలో ఈ తప్పు చాలాసార్లు బయటపడుతుంది. అక్కడ దాన్ని దిద్దుకోవడం ఇంటి రక్షణకూ అక్కరకొచ్చే సాధన.

సెమీ ఆటోమేటిక్‌లో ఆ శ్రమ ఉండదు, భుజానికి తగిలే తోపు కూడా మెత్తగా ఉంటుంది. వంద పళ్లేలు కాల్చే రోజున ఆ తేడా సాయంత్రానికి బాగా తెలుస్తుంది. అయితే ఈ తుపాకీకి తూటాయే ఇంధనం. పేలుడు వాయువుతో నడిచే రకాలు మసి పేరుకుంటే మొరాయిస్తాయి, కాబట్టి శుభ్రత తప్పదు. వెనక తోపుతో నడిచే ఇనర్షియా రకాలు శుభ్రంగానే ఉంటాయి. కానీ తేలికపాటి క్లే తూటాలకు కొన్ని పూర్తిగా కదలవు. వాటికి టార్చిలైటు, అదనపు తూటాల పట్టీ వంటివి తగిలించి బరువు పెంచితే ఆ కదలిక ఇంకా మందగిస్తుంది. ఇంటి కోసం బరువు పెంచిన ఇనర్షియా తుపాకీ క్లే మైదానంలో మొండికేయడం ఇలాగే జరుగుతుంది. సెమీ ఆటోమేటిక్ ఎంచుకునేవారు తాము వాడబోయే అతి తేలిక క్లే తూటా, అతి బలమైన బక్‌షాట్ రెండింటితోనూ సరిపడినన్ని తూటాలు కాల్చి చూశాకే దాన్ని ఇంటికి నమ్మాలి.

గొట్టం మీద గొట్టం ఉండే ఓవర్ అండర్ క్లే మైదానాల్లో రాజ్యమేలుతోంది. రెండు గొట్టాలకు రెండు వేర్వేరు చోక్‌లు పెట్టుకోవచ్చు. తెరిచి చేతిలో పట్టుకుంటే ఖాళీగా ఉందని దూరం నుంచే అందరికీ కనిపిస్తుంది. పంప్‌లో, సెమీ ఆటోమేటిక్‌లో ఉండే పొడవాటి యంత్రభాగం ఇందులో లేకపోవడం వల్ల అదే పొడవు గొట్టంతో మొత్తం తుపాకీ కొన్ని సెంటీమీటర్లు పొట్టిగానే ఉంటుంది. ఈ సంగతి చాలామంది గమనించరు. ఇంటికి దాని పరిమితి రెండే తూటాలు. పైగా మంచివి ఖరీదు. రెండు తూటాలతో సర్దుకోగలమనుకునే ఇంట్లో ఇది తీసిపారేయదగ్గ ఎంపిక కాదు. అయినా రెండు పనుల్లో దేనికీ పెద్దగా లోటు చేయనిది ఏదని అడిగితే, వాయువుతో నడిచే సెమీ ఆటోమేటిక్, ఖర్చు తగ్గాలంటే పంప్ అన్నదే సమంజసమైన జవాబు.

భుజానికి కుదరాలి

దుకాణంలో అందరూ గొట్టం చూస్తారు, భుజానికి ఆనే వెనక భాగమైన స్టాక్‌ను చూసేవారు తక్కువ. క్లే షూటింగ్‌లో వెనక గురిపలక ఉండదు. కన్నే ఆ పని చేస్తుంది. చెంప స్టాక్ మీద ప్రతిసారీ ఒకేచోట ఆనకపోతే కన్ను స్థానం మారి, గుళ్లు పడే చోటు కూడా మారుతుంది. ట్రిగ్గర్ నుంచి భుజానికి ఆనే అంచు దాకా ఉండే దూరం క్లే తుపాకుల్లో 36, 37 సెంటీమీటర్లు ఉండటం మామూలు. రక్షణ కోసం చేసిన కొన్ని తుపాకుల్లో అది 33 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. పొట్టి స్టాక్ ఇరుకులోనూ, మందమైన దుస్తుల మీదా బాగుంటుంది. పొడుగు మనిషి దానితో క్లే కాల్చితే బొటనవేలు ముక్కుకు తగులుతుంది.

ఇంట్లో ఒకరి కంటే ఎక్కువ మంది వాడాల్సి వస్తే కొలత అందరిలో పొట్టివారికి సరిపోవాలి. పొడవును పలకలతో పెంచుకునే స్టాక్‌లు ఇక్కడ ఉపయోగం. భుజానికి ఆనకుండా పిస్టల్ పిడి మాత్రమే ఉన్న షాట్‌గన్లు ఈ రెండు పనుల్లో దేనికీ తగవు.

బరువు సంగతి సూటిగా లెక్కకు అందుతుంది. ఒకే తూటా కాల్చినప్పుడు తుపాకీ వెనక్కి తోసే శక్తి దాని బరువుకు విలోమంగా ఉంటుంది. 3.2 కిలోల పంప్ బదులు 3.8 కిలోల తుపాకీ పట్టుకుంటే ఆ శక్తి దాదాపు 16 శాతం తగ్గుతుంది. రక్షణకు తేలికైనదే మేలనుకుని కొన్నవారు తోపు భరించలేక సాధన మానేయడం మామూలుగా కనిపించేదే. సాధన లేని తుపాకీ ఇంటికి రక్షణ ఇవ్వదు. చిన్న శరీరం గలవారికి, తోపు ఇబ్బంది పెట్టేవారికి, గొట్టం ఇంకా సన్నగా ఉండే 20 బోర్ మంచి ప్రత్యామ్నాయం. క్లే మైదానాల్లో అది చెల్లుతుంది, దానికి బక్‌షాట్ కూడా దొరుకుతుంది. కానీ ఒకే ఇంట్లో 12, 20 బోర్ తూటాలు కలవకూడదు. 20 బోర్ తూటా 12 బోర్ గొట్టంలోకి జారి మధ్యలో ఇరుక్కుంటుంది. అది గమనించక వెనక 12 బోర్ తూటా పెట్టి కాల్చితే గొట్టం పగిలిపోతుంది. 20 బోర్ తూటాలకు పసుపు రంగు వేసే ఆనవాయితీ ఈ ప్రమాదం నుంచే వచ్చింది.

రెండు గొట్టాల మార్గం

పంప్ తుపాకులను తయారీదారులు జంట గొట్టాలతో అమ్ముతుంటారు. ఒకటి 28 అంగుళాలు, పైన పట్టీ, మార్చుకునే చోక్‌లతో. మరొకటి 18.5 అంగుళాలు, సాదాగా. గొట్టం ముందున్న మూత విప్పి, ఒకటి లాగేసి మరొకటి దూర్చి బిగించడానికి కొద్ది నిమిషాలు చాలు. కాగితం మీద ఇది అన్ని చిక్కులకూ జవాబు.

ఆచరణలో కొన్ని మెలికలున్నాయి. ఎక్కువ తూటాలు పట్టే పొడవాటి గొట్టపు పెట్టె ఉన్న రక్షణ నమూనాల్లో కొన్నింటికి క్లే గొట్టం బిగదు. మాస్‌బర్గ్ 500 నమూనా గొట్టాలు అదే కంపెనీ 590 నమూనాకు సరిపోవు. కాబట్టి రక్షణ నమూనా కొని తర్వాత క్లే గొట్టం వెతకడం కంటే, క్లే నమూనా కొని దానికి పొట్టి గొట్టం చేర్చుకోవడం సులువు. రెండోది, గొట్టం మార్చిన ప్రతిసారీ గుళ్లు పడే చోటు కాస్త మారవచ్చు. రెండు గొట్టాలనూ కాగితం మీద కాల్చి చూసుకుని ఉండాలి. మూడోది మనిషి స్వభావం. మైదానం నుంచి అలసి వచ్చినవారు ఆ రాత్రే గొట్టం మారుస్తారన్న హామీ లేదు. ఏ గొట్టం బిగించి ఉందో గుర్తులేని తుపాకీ కంటే, ఎప్పుడూ ఒకేలా ఉండే 26 అంగుళాల గొట్టం నమ్మకమైనది. మధ్యస్థంగా కనిపించే ఆ 26 అంగుళాలకు చాలామంది వచ్చి చేరడంలో ఆశ్చర్యం లేదు.

చట్టం గీసే గీత

గొట్టం ఎంత పొట్టిగా ఉండవచ్చో చాలా దేశాల్లో కొనేవారి ఇష్టం కాదు. అమెరికాలో 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ ప్రకారం 18 అంగుళాల కంటే పొట్టి గొట్టం ఉన్న షాట్‌గన్‌కు ప్రత్యేక నమోదు తప్పనిసరి. భారత ఆయుధ చట్టం, 1959లో 13వ సెక్షన్ రక్షణకు గానీ క్రీడకు గానీ లైసెన్సు ఇవ్వదగిన నున్నని గొట్టం తుపాకీకి కనీస పొడవు 20 అంగుళాలని చెబుతుంది. రెండు ప్రయోజనాలనూ ఒకే వాక్యంలో, ఒకే కొలత కింద పెట్టిన చట్టం అది. బ్రిటన్‌లో ఆ హద్దు 24 అంగుళాలు. మామూలు షాట్‌గన్ సర్టిఫికెట్ మీద మూడు తూటాల కంటే ఎక్కువ పట్టే పంప్, సెమీ ఆటోమేటిక్ తుపాకులు ఉంచుకోకూడదు. ఆత్మరక్షణను తుపాకీకి తగిన కారణంగా అక్కడ సాధారణంగా అంగీకరించరు. 1996లో పోర్ట్ ఆర్థర్ కాల్పుల తర్వాత ఆస్ట్రేలియా సెమీ ఆటోమేటిక్, పంప్ షాట్‌గన్లను కఠినమైన ఆంక్షల కిందికి తెచ్చింది. అక్కడ కూడా ఆత్మరక్షణ లైసెన్సుకు కారణం కాదు.

కాబట్టి ఒకే తుపాకీ రెండు పనులకు అన్న ప్రశ్న కొన్ని దేశాల్లో కొనుగోలు ప్రశ్న, మరికొన్నింటిలో అడగడానికే వీల్లేని ప్రశ్న. చట్టం అనుమతించిన చోట కూడా క్లబ్బు నియమాలు వేరుగా ఉంటాయి. ఒక స్థానంలో రెండు కంటే ఎక్కువ తూటాలు ఎక్కించనివ్వరు. పిస్టల్ పిడి తుపాకులను లోపలికి రానివ్వని క్లబ్బులూ ఉన్నాయి.

మైదానం నేర్పేది, నేర్పనిది

ఒకే తుపాకీ వాడటంలో అసలైన లాభం చేతికి పడే అలవాటు. సేఫ్టీ ఎక్కడుందో, తూటా ఎలా ఎక్కుతుందో, ఇరుక్కుంటే ఏం చేయాలో వందల పళ్లేలు కాల్చిన చేతికి చెప్పక్కర్లేదు. బీరువాలో దుమ్ము పట్టిన రక్షణ తుపాకీకి ఈ లాభం లేదు. ఒలింపిక్ తరహా స్కీట్‌లో పళ్లెం కనిపించే దాకా తుపాకీ మడమ, అంటే భుజానికి ఆనే అంచు, నడుము దగ్గరే ఉండాలి. పిలుపు తర్వాత మూడు సెకన్ల లోపు ఎప్పుడైనా అది రావచ్చు. కింది నుంచి తుపాకీని భుజానికి చేర్చే ఆ సాధన ఇంటికి నేరుగా అక్కరకొస్తుంది. ముందే భుజానికి ఆనించుకుని నిలబడే ట్రాప్‌లో ఆ మేలు తక్కువ.

కానీ క్లే షూటింగ్ అలవాటు చేసే మరో సంగతి ప్రమాదకరం. అక్కడ షూటర్ 'పుల్' అంటాడు, ఏదో ఒకటి ఎగురుతుంది, అది కచ్చితంగా కాల్చదగ్గదే. చూడగానే కాల్చడమే నైపుణ్యం. ఇంట్లో చీకట్లో కదిలే ఆకారం ఆలస్యంగా ఇంటికొచ్చిన కొడుకు కావచ్చు, నీళ్లకు లేచిన అమ్మమ్మ కావచ్చు. అక్కడ మొదటి పని ఎవరో గుర్తించడం, కాల్చకుండా ఉండగలగడం. క్లే మైదానం ఈ సాధన ఒక్క క్షణం కూడా ఇవ్వదు, పైగా ఇందుకు ఎదురుగా చేతిని తయారుచేస్తుంది. మైదానంలో ఎన్ని పతకాలు గెలిచినా రక్షణ శిక్షణ విడిగా తీసుకోవాల్సిందే. చేతిలో టార్చిలైటు, నోట్లో 'ఎవరది?' అన్న కేక ఉండాలి. వాటి ముందు గొట్టం పొడవు చర్చ చాలా చిన్నది.

భద్రపరచడంలోనూ ఇలాంటి ఘర్షణే ఉంది. క్రీడా తుపాకీ అందరికీ కనిపించేలా తెరిచి, ఖాళీగా ఉండాలన్నది నియమం. రక్షణ తుపాకీ నిమిషంలో అందాలన్నది కోరిక. అమెరికాలో మూడు కౌంటీల్లో ఇళ్లలో జరిగిన హత్యలను పరిశీలించిన ఒక అధ్యయనం 1993లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. తుపాకీ ఉన్న ఇళ్లలో ఆ ముప్పు సుమారు 2.7 రెట్లు ఎక్కువని అది లెక్కగట్టింది. ఏది కారణం, ఏది ఫలితం అన్న విషయంలో దాని మీద గట్టి విమర్శలున్నా, పిల్లలూ కుంగిపోయినవారూ ఉన్న ఇంట్లో తాళం లేని తుపాకీ ప్రమాదమన్న దాంట్లో వాదనకు తావులేదు.

మీటల కోడ్‌తో త్వరగా తెరుచుకునే ఉక్కు బీరువా ఈ రెండు అవసరాల మధ్య ఉన్న ఏకైక వంతెన. లోపల ఉన్నప్పుడు కూడా చాంబర్‌లో, అంటే పేలడానికి తూటా కూర్చునే చోట, తూటా ఉండకూడదు. చాలా షాట్‌గన్లలో సేఫ్టీ ట్రిగ్గర్‌ను మాత్రమే అడ్డుకుంటుంది, కిందపడినప్పుడు తగిలే దెబ్బను అడ్డుకోదు. మైదానం నుంచి వచ్చాక తుపాకీని ఖాళీ చేసి, చాంబర్‌లో వేలు పెట్టి చూసి, క్లే తూటాలను వేరే చోట తాళం వేయడం ప్రతిసారీ ఒకే వరుసలో జరగాలి. సంచిలో మిగిలిన 8వ నంబరు తూటా బక్‌షాట్‌తో కలిసిపోతే అవసరమైన రాత్రి ఏది ఎక్కిందో ఎవరికీ తెలియదు.

ఒకటి చాలని చోట

వారాంతపు స్కీట్, స్పోర్టింగ్ క్లేస్‌తో తృప్తిపడేవారికి ఇంతవరకు చెప్పిన రాజీ ఏళ్ల తరబడి సరిపోతుంది. పోటీల వైపు అడుగు పడితే పరిస్థితి మారుతుంది. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య పోటీల్లో పంప్ తుపాకులకు అనుమతి లేదు. సెమీ ఆటోమేటిక్ అయితే పెట్టెలో ఒకే తూటా పట్టేలా అడ్డం బిగించాలి.

ట్రాప్ ప్రత్యేక తుపాకీ ఇంకా దూరం జరుగుతుంది. పళ్లెం లేస్తూ పోతుంది కాబట్టి, దాన్ని మూతితో కప్పేయకుండా కింద కనిపిస్తుండగానే తగిలేలా ఆ తుపాకీ గుళ్లలో 60, 70 శాతం గురి కంటే పైన పడేట్టు చేస్తారు. ఎక్కడ చూస్తే అక్కడే తగలాల్సిన ఇంటి తుపాకీకి ఇది పనికిరాని గుణం. ట్రాప్‌నే ప్రధానంగా ఎంచుకున్నవారికి రెండు వేర్వేరు తుపాకులు తప్ప మార్గం లేదు. అప్పుడు మొదటి పంప్ ఇంట్లో ఉండిపోతుంది, దానికి పొట్టి గొట్టం శాశ్వతంగా బిగించవచ్చు.